రాయచూరు దుర్గము: శాసనమును, బండి బొమ్మయు

కృష్ణా తుంగభద్రల నడుమనున్న నేలకు కన్నడమున ‘ఎడదొరె’ యని పేరు. చోళరాజుల తమిళ శాసనములలో నిదియే ‘ఇడైతురైనాడు’. పారసీకభాషలో చరిత్రలు వ్రాసినవారు దీనిని ‘దోఆబు’ అనిరి. మూడు మాటలకును ఇంచుమించుగా రెండు నదుల నడిమి సీమ యనియే యర్థము. పేరు పెట్టినవారు మారిరి గాని సీమ తలవ్రాత మారలేదు. ఉత్తరమున నొక రాజ్యమును దక్షిణమున మరియొక రాజ్యమును బలపడినప్పుడెల్ల ఈ నేల వారి కత్తులకు సానరాయి యగుచు వచ్చెను. పశ్చిమ చాళుక్యులును చోళులును దీనికై పోరాడిరి. దేవగిరి యాదవులును ఓరుగంటి కాకతీయులును పోరాడిరి. అటుపిమ్మట విజయనగర రాయలును బహమనీ సుల్తానులును, వారి వెనుక బిజాపురపు ఆదిల్‌శాహులును ఇంచుమించు 200 సంవత్సరములు పోరాడిరి.

ఇంత పోరాటమునకు కారణములు లేకపోలేదు. ఇచటిది నల్లరేగడి భూమి. హట్టి ప్రాంతమున ప్రాచీనకాలమునుండియు బంగారు గనులు కలవు. వీనికంటె పెద్ద కారణ మొకటి యున్నది. ఈ సీమ యెవని వశమున నున్న వాడు ఒక్క నదిని దాటి ఎదుటివాని వాకిట నిలువగలడు. అందుచేత ఏ రాజును దీనిని వదలుకొన జాలడయ్యెను. రైతు వదలిపోవలెనన్నను పోవుట కతనికి వేరొక చోటు లేదు. ఈ సీమకు తాళపుచెవి వంటిది రాయచూరు కోట. మంత్రాలయ యాత్రకు పోవు తెలుగువారు పెక్కుమంది రాయచూరు స్టేషనులో దిగుచుందురు. 1871వ సంవత్సరమున బొంబాయి నుండి వచ్చిన రైలుదారియు మద్రాసు నుండి వచ్చిన రైలుదారియు కలిసికొన్న చోటిది. ఆ యాత్రికులలో కోటను చూచి పోవువారు మాత్రము మిక్కిలి కొలదిమంది.

మేము కోటను చూడబోయినప్పుడు మొదట మా కంటబడినది రెండు ప్రాకారముల భేదము. వెలుపలి గోడ బహమనీల కాలమునను ఆదిల్‌శాహుల కాలమునను కట్టబడినది. చెక్కని రాళ్లను సున్నముతో కూర్చి కట్టినది. దాని చుట్టును కందకము. పడమట మక్కా దర్వాజా, ఉత్తరమున నౌరంగీ దర్వాజా, తూర్పున కాటీ దర్వాజా, దక్షిణమున ఖందకు దర్వాజా యని ద్వారములు కలవు. నౌరంగీ ద్వారమున పురాణకథల విగ్రహములు చెక్కిన శిలలు నేటికిని గోడలలో అమరియున్నవి. లోపలి గోడ వేరు. దానిలో సున్నము లేదు. నున్నగ చెక్కిన పెద్ద పెద్ద రాళ్లను ఒకదానిపై నొకటి పేర్చి, వాని బరువే వానికి బంధముగా నిలిపిరి. ఈ రెండు గోడలకు లోపల కొండ, కొండపై బాలాహిసారు. కొండ క్రిందను కోటలోపలను ఊరు. గోడల నానుకొని ఇండ్లును, అంగళ్లును, పశువుల కొట్టములును లేచినవి. బురుజు నీడలో కూరగాయ లమ్మువారు కూర్చుందురు. ఊరిలో 1513వ సంవత్సరమున బహమనీ సుల్తాను మహమూదుశాహు కాలమున కట్టిన ఒంటి మినారు మసీదు చెక్కుచెదరక నిలిచియున్నది. పాడుపడిన కోటయని మనమందుము గాని, కోటలో పాడుపడినది రాజ్యము మాత్రమే. ఊరు కాపురము చేయుచునే యున్నది.

తెలుగువాడు ఈ కోటలో తప్పక చూడవలసినది లోపలి ప్రాకారము పడమటి గోడలో కలదు. అచట 41 అడుగులకు పైగా పొడవుగల ఒకే రాతిపలక అమర్పబడి యున్నది. దానిపై తెలుగు శాసనము చెక్కబడినది. శాసనకాలము శాలివాహన శకము 1216, అనగా క్రీ. శ. 1294. గోన గన్నయరెడ్డి క్రింది అధికారి యగు విఠలనాథుడు ఆదవాని, తుంబళము, మానువ, హాలువ అను దుర్గములను గెలిచి, రాయచూరు ప్రవేశించి, ప్రజల రక్షణ కొరకు ఈ దృఢమగు కోటగోడను కట్టించెనని దాని సారాంశము. ఆదవాని నేటి ఆదోని. మానువ నేటి మాన్వి. ఇది రుద్రమదేవి పాలనకాలపు కట్టడమని కొన్ని పాత గ్రంథములలో వ్రాయబడినది. కాని ఆమె 1289లోనే మరణించినట్లు చందుపట్ల శాసనము వలన తేలినది. కావున ఇది ప్రతాపరుద్రుని యేలుబడి నాటి పని. వర్ధమానపుర ప్రభువగు గన్నయరెడ్డిని మనవారు చాలమంది అడివి బాపిరాజుగారి నవల వలన ఎరుగుదురు. ఆ నవలలోని వీరుని పేరు ఇప్పటి కర్ణాటక దేశమున ఒక కోటగోడపై తెలుగు లిపిలో కనబడినప్పుడు మన యొడలు పులకరించుట సహజమే.

అట్లు పులకరించి, శాసనమునకు ఛాయాచిత్రము తీసికొని, తిరిగివచ్చువారే యెక్కువ. శాసనమునకు సమీపమున గోడపై మరియొకటి యున్నది. అది గీతలతో చెక్కిన బొమ్మ. ఆ మహాశిల గనినుండి కోటకు వచ్చిన తీరు దానిలో చూపబడినది. గట్టి చెక్రములుగల బండి. ఆ బండిపై పొడవైన రాయి. బండికి ముందు వరుసగ కట్టిన అనేకములగు దున్నపోతులు. వానిని అదలించుచు తోలువారు. వెనుక చక్రముల క్రింద మోకులును సన్నెకోలలును పెట్టి బండిని ముందునకు నెట్టువారు. మన దేశమున దేవాలయములు, కోటలు, చెరువులు వేలకొలది కలవు. వానిని కట్టించినవారి వంశావళులు, బిరుదులు, దానధర్మములు శాసనములనిండ కలవు. ఆ రాయి కదలిన విధానమును, కదలించిన చేతులను చూపిన చిత్రములు మాత్రము అరుదు. విఠలనాథుని పేరు అక్షరములలో నిలిచినది. బండివారి పేర్లు శాసనమున కెక్కలేదు. వారి వంగిన నడుములు బొమ్మలో నిలిచినవి. ఈ రెండును ఒక్క గోడమీదనే యున్నవి. ఒకదానిని చదివి రెండవదానిని చూడక వచ్చుట సగము చరిత్రను చదువుటయే.

శాసనము ‘ప్రజల రక్షణ’ యని చెప్పుచున్నది. ఇది గొప్ప మాట. రాజులు చెప్పిన గొప్ప మాటలను తరువాతి చరిత్రతో సరిచూచుట చరిత్ర చదువువారి ధర్మము. ఈ కోటయు, ఈ సీమలోని తక్కిన కోటలును ప్రజలను రక్షించినవా?

కోటగోడ కట్టిన రెండేండ్లకే, 1296లో, అలాఉద్దీను దేవగిరిపై బడెను. 1323లో ఓరుగల్లు కూలెను. 1336లో విజయనగరమును, 1347లో బహమనీ రాజ్యమును తలయెత్తెను. రెంటికిని నడుమ మరల ఈ సీమయే సరిహద్దయ్యెను. 1366 ప్రాంతమున విజయనగర సేన తుంగభద్రను దాటి, రాయచూరునకు పడమటనున్న ముదిగల్లు కోటను పట్టుకొనెను. కోటలోని వారిని స్త్రీలు శిశువులని చూడక చంపిరని ఫెరిస్తా వ్రాసినాడు. దానికి ప్రతీకారముగా బహమనీ సుల్తాను మహమ్మదుశాహు విజయనగర దేశముపై బడి, ఆయుధము పట్టనివారిని సయితము వేలకొలది నరికించెను. ఫెరిస్తా బిజాపురపు కొలువులోనివాడు. లెక్కలను పెంచి వ్రాయుట అతనికి అలవాటు. లెక్కలు తగ్గించుకొన్నను, జరిగినదేమో మనకు తెలియుచునే యున్నది. ఇరుప్రక్కలను కోట లుండెను. ఇరుప్రక్కలను చచ్చినది ఊళ్లలోనివారు.

ఈ కథకు ఫెరిస్తా చెప్పిన ముగింపు మనవారు పలువురు గమనింపరు. ఈ ఘోరములను చూచిన పిమ్మట ఉభయ రాజ్యముల వారును ఒక ఒడంబడికకు వచ్చిరట. ఇకమీదట గెలుపు కలిగిన తరువాత శత్రువును చంపరాదు. ఆయుధము లేని ప్రజల జోలికి పోరాదు. సుల్తాను తానట్లు నడచుటయే గాక తన తరువాతివారును అట్లు నడువవలెనని కట్టడి చేసెనని అతడు వ్రాసినాడు. ఆ కట్టడి యెల్లప్పుడును నిలిచినదని చెప్పజాలము. కాని గోడ కట్టినవాడు శిలపై చెక్కించిన ప్రజారక్షణమునకు కాస్తంత దగ్గరగా వచ్చినది ఈ యొడంబడిక యొక్కటే. అది శిలపై లేదు. ఏ యాత్రికుడును దానిని చూడబోడు.

ఇక 1520 నాటి రాయచూరు యుద్ధము. శ్రీకృష్ణదేవరాయల విజయములలో ఇది ప్రఖ్యాతమైనది. దీనిని విపులముగా వర్ణించినవాడు న్యూనిజ్ అను పోర్చుగీసు గుఱ్ఱముల వర్తకుడు. యుద్ధము జరిగిన పదునైదేండ్ల తరువాత అతడు విజయనగరమున నుండి, విన్నది కన్నది వ్రాసి పంపెను. 1900లో స్యూయల్ దొర దానిని ఆంగ్లమున ప్రకటించిన తరువాతనే మన పండితులకు ఈ యుద్ధవృత్తాంతము విపులముగా తెలిసినది. రాయలు గుఱ్ఱములు కొనుటకై 40,000 పరదాలు ఇచ్చి పంపిన వర్తకుడు ఆ ధనముతో ఆదిల్‌శాహు రాజ్యమునకు పారిపోవుటయు, వానిని అప్పగింపకుండుటయు యుద్ధమునకు నెపమయ్యెనని అతడు చెప్పుచున్నాడు. నెపము గుఱ్ఱముల సొమ్ము, కోరిక రాయచూరు.

న్యూనిజ్ లెక్క ప్రకారము రాయల కాల్బలము 7,03,000, గుఱ్ఱములు 32,600, ఏనుగులు 551. ఇందు పదియవవంతే నిజమనుకొన్నను, ఈ జనమునకు తిండియు, గుఱ్ఱములకు మేతయు నెచ్చటినుండి వచ్చెను? సేన నడచిన త్రోవలో ఒక యేరు కలదట. ముందు దాటినవారికి మోకాటి సగమువరకు నీరుండగా, సేనలో సగము దాటునప్పటికి చుక్క నీరు లేకపోయెనట. వెనుకవారు ఇసుకలో చెలమలు త్రవ్వుకొనిరట. న్యూనిజ్ దీనిని సేన గొప్పతనమును చూపుటకు వ్రాసెను. ఆ యేటి యొడ్డున ఊళ్లుండును గదా! ఎండలు ముదిరిన దినములలో సేన త్రాగిపోయిన యేటిలో ఆ ఊరి పశువు లేమి త్రాగినవి? అతడు వ్రాయలేదు. మనము చదువునప్పుడైనను అడుగవలెను.

ముట్టడిలో మరియొక వింత జరిగెను. సేనానులు భటులచేత గోడను ఊడదీయింపదలచి, గోడనుండి ఊడబెరికి తెచ్చిన రాళ్లను కొనసాగిరి. రాతి పరిమాణమును బట్టి 10, 20, 30, 40, 50 పణముల వరకు వెల. పైనుండి కురియు రాళ్లకును గుండ్లకును ఎదురేగి భటులు చనిపోవుచునే రాళ్లు తెచ్చి అమ్ముకొనిరి. పడమటి గోడపై బండి లాగుచున్న ఆ బొమ్మను చూచినవారికి ఈ మాట చదివినప్పుడు మనసు చివుక్కుమనక మానదు. 1294లో బీదవాడు కూలికి రాయి తెచ్చి పెట్టెను. 1520లో బీదవాడు పణములకు రాయి పెరికి తెచ్చెను. రెండు పనులును కోట పేరనే జరిగినవి.

1520 మే 19వ తేదీన ఇస్మాయిలు ఆదిల్‌శాహు సేనతో రాయలు తలపడి గెలిచెను. ఓడినవారిలో పెక్కుమంది కృష్ణానది దాటబోయి నీట మునిగిరి. గెలిచినవారి పక్షమున చచ్చినవారు 16,000 పైచిలుకు అని న్యూనిజ్ వ్రాసినాడు. పిమ్మట రాయలు మరల ముట్టడికి వచ్చెను. ఫిగైరెడో అను పోర్చుగీసువాడు తన తుపాకివారితో గోడలపైనున్నవారిని కొట్టుచుండగా, కోటనాయకుడు గోడపైనుండి తొంగిచూచి గుండు తగిలి పడెను. మరునాడు కోట వశమయ్యెను. ఊరివారి ఆస్తికి భయము లేదనియు, పోదలచినవారు తమ వస్తువులతో పోవచ్చుననియు రాయలు అభయ మిచ్చెనని న్యూనిజే చెప్పుచున్నాడు. ఇది రాయల కీర్తికి నిజమైన భూషణము. విజయముకంటె దీనిని మన బాలురకు ముందు చెప్పవలెను.

ఆ విజయ మెన్నాళ్లు నిలిచెను? 1529లో రాయలు మరణించెను. 1530లో ఇస్మాయిలు ఆదిల్‌శాహు రాయచూరును ముదిగల్లును తిరిగి పట్టుకొనెను. పదునాఱువేల ప్రాణముల వెల పదేండ్ల స్వామ్యము. 1565 నాటి యుద్ధము తరువాత విజయనగరమునకు ఈ సీమపై ఆశ యుడిగెను. 1686లో బిజాపురము మొగలాయిల పాలయ్యెను. పిమ్మట సీమ నిజాముల క్రిందికి వచ్చెను. 1853లో నిజాము దీనిని ఆంగ్లేయుల స్వాధీనము చేసెను. 1860లో తిరిగి పొందెను. ఈ కడపటి మార్పులలో ఒక్క గుండయినను ప్రేలలేదు. కలముతో పోయినది కలముతో వచ్చినది.

ఈ కథను హిందువులకును మహమ్మదీయులకును జరిగిన మతయుద్ధముగా చెప్పువారు కలరు. ఆ మాట ఈ కోట ముందు నిలువదు. విఠలనాథుడు ఇచట గోడ కట్టినప్పుడు ఎదుటిపక్షము దేవగిరి యాదవులు. వారును శైవవైష్ణవ దేవాలయములు కట్టించినవారే. మహమ్మదీయ రాజ్యము దక్కనులో పుట్టకమునుపే చాళుక్యచోళులు ఈ సీమను తగులబెట్టుకొనిరి. రెండవ దేవరాయలు మహమ్మదీయ విలుకాండ్రను కొలువున చేర్చుకొనెను. బిజాపురపు కొలువున మరాఠా బ్రాహ్మణులు లెక్కలు వ్రాసిరి. 1520లో రాయల పక్షమున తుపాకులు పేల్చినవారు క్రైస్తవులు. దేశాశకు మతము ముసుగు. ఆ ముసుగును మనము చరిత్ర పేరుతో మరల నేయుట మిక్కిలి తప్పు.

అట్లే దీనిని తెలుగువారికిని కన్నడిగులకును జరిగిన కథగా చేయుటయు తప్పే. 1956 నాటి రాష్ట్రవిభజనలో రాయచూరు మైసూరు రాష్ట్రమున చేరెను. ఆ జిల్లాలోని గద్వాల, ఆలంపురము తాలూకాలు ఆంధ్రప్రదేశమునకు వచ్చి, నేడు తెలంగాణములో నున్నవి. ఇవి మాటలను బట్టి గీచిన గీతలు. రాయచూరు వీధులలో నేటికిని కన్నడము, తెలుగు, ఉర్దూ మూడును కలిసి వినబడును. బేరమాడునప్పుడు ఒకే మనిషి మూడు భాషలను మార్చుకొనును.

సరిహద్దు సీమ తగవు పూర్తిగ తీరినదా? కత్తులు లేవు, నీరున్నది. కృష్ణానదీజలముల పంపకమునకై 1969లో న్యాయసభ యేర్పడినది మొదలు ఈ నదుల నీటికై రాష్ట్రముల నడుమ వ్యాజ్యములు నడచుచునే యున్నవి. తుంగభద్రపై రాజోలిబండ ఆనకట్ట నీటి వాటాలకై ఆ ప్రక్క ఈ ప్రక్క రైతులు మాటకు మాట పెంచుకొన్న సందర్భములు కలవు. కాలువ తుదనున్న రైతుకు నీరు చాలనప్పుడు అతని కోపము అన్యాయమని చెప్పజాలము. అయితే ఆ కోపమును ఎత్తుకొని, పాతకాలపు జయములను తలపించి, ఎదుటి యొడ్డువానిని శత్రువని చూపువారు ఎప్పుడును పుట్టుచుందురు. అట్టివారి మాట వినబోవునప్పుడు రాయచూరు గోడను తలచుకొనవలెను. ఈ సీమలో మేలు చేసినది ముట్టడి కాదు. ఫెరిస్తా చెప్పిన యొడంబడికయు, రాయలు ఊరివారి కిచ్చిన యభయమును. రెండును అన్యుని ప్రాణమును మన్నించిన మాటలే.

ఈ దోఆబులోనే మస్కి గ్రామమున 1915లో అశోకుని శాసన మొకటి బయలుపడెను. అశోకుడను పేరు స్పష్టముగ కనబడిన మొదటి ధర్మలిపి అదియే. ధర్మమున శ్రద్ధగలవాడు అల్పుడైనను ఉన్నత ఫలమును పొందవచ్చును, అది గొప్పవారికే యని తలపరాదు అని దాని భావము. రాయచూరు బొమ్మలోని బండివారికి ఆ మాట వర్తింపవలసినది. రెండు శిలలును ఒకే సీమలో నున్నవి. వేయేండ్లకు పైబడిన ఎడము వానిది.

మనవారు కోటలు చూడబోవుట మంచిదే. పోవువారు రెండు పనులు చేయుదురుగాక. ఆ రాళ్లపై మేకులు కొట్టక, పేర్లు గీయక, రంగులు పూయక, ఎవరైనను పూయుచుండిన వారింపవలెను. వెంట వచ్చిన పిల్లలకు గన్నయరెడ్డి పేరు చూపిన వేలితోనే, ప్రక్కనున్న బండిని, దున్నలను, సన్నెకోల పట్టినవానిని చూపవలెను. ‘ఈ కోట యెవరు కట్టిరి?’ అని బడిలో ప్రశ్న వేసినప్పుడు, ఇకమీదట ఆ పిల్లలు ఒక్క పేరుతో ఊరుకొనకుందురుగాక.